సైన్సు మాటలు వచ్చు, ప్రశ్నే అర్థం కాదు

సంపాదకులకు నమస్కారం.

జూన్‌లో బళ్లు తెరిచే వేళకి మారతహళ్లి, కేఆర్ పురం, బీటీఎం లేఅవుట్ గోడల నిండా స్పోకెన్ ఇంగ్లిష్ ప్రకటనలే కనిపిస్తాయి. పిల్లల ఇంగ్లిష్ కోసం ఇక్కడి తెలుగు తల్లిదండ్రులు పెట్టే డబ్బు చాలామటుకు మాట్లాడటం నేర్పించడానికే పోతోంది. నిజానికి బెంగళూరులో పెరిగిన పిల్లలకి మాట్లాడటం పెద్ద కష్టమేమీ కాదు. అపార్ట్‌మెంట్ ఆటస్థలంలో నాలుగు భాషల పిల్లలు కలిస్తే మధ్యలో నడిచేది ఇంగ్లిషే. అలా గలగలా మాట్లాడే పిల్లలే ఎనిమిదో తరగతికి వచ్చేసరికి సైన్సులో, సోషల్‌లో వెనకబడుతుంటారు. పాఠం చదివామంటారు, అర్థమైందంటారు. పరీక్షలో అడిగింది ఒకటైతే రాసి వచ్చేది మరొకటి.

బడి ఇంగ్లిష్‌లో మాటలు మూడు పొరలుగా ఉంటాయి. ఇంట్లో, వీధిలో వాడే మాటలు పై పొర. 'ఫోటోసింథసిస్', 'లాటిట్యూడ్', 'హైపోటెన్యూస్' లాంటి ఒక్కో సబ్జెక్టు సొంత మాటలు అడుగు పొర. ఈ రెంటికీ నడుమ 'సిగ్నిఫికెంట్', 'డిరైవ్', 'అజ్యూమ్', 'వేరీ', 'కన్సిస్ట్', 'ఇండికేట్', 'వేర్‌యాజ్', 'రెస్పెక్టివ్లీ' లాంటి, అన్ని సబ్జెక్టుల్లోనూ ఎదురయ్యే చదువు మాటలు ఉంటాయి. అమెరికాలో ఇసబెల్ బెక్, ఆమె సహచరులు చేసిన ఈ విభజన ఇప్పుడు చాలా దేశాల్లో టీచర్లకి తెలిసిందే. మూడో పొర మాటల్ని పాఠ్యపుస్తకమే బొద్దు అక్షరాల్లో వేస్తుంది, సైన్సు టీచరు బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతారు. నడిమి పొరని మాత్రం ఎవరూ పట్టించుకోరు. అది ఇంగ్లిష్ టీచరు పని అని సైన్సు టీచరు అనుకుంటారు. ఇంగ్లిష్ టీచరుకేమో పద్యాలు, వ్యాకరణం, ఉత్తరాలు రాయించడంతోనే పీరియడ్లు అయిపోతాయి. పిల్లవాడు పదో తరగతి దాకా ఆ మాటల్ని దాటుకుంటూ పోతాడు తప్ప ఒక్కదాని దగ్గరా ఆగడు.

మాట్లాడే భాష, చదువు భాష వేర్వేరుగా వంటబడతాయని విద్యా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లోనే చెప్పాడు. కెనడాలోని వలస పిల్లల మీద చేసిన పరిశీలనల్లో, మాట్లాడే ఇంగ్లిష్ సుమారు రెండేళ్లలో వచ్చేస్తే, చదువులో తోటివాళ్లని అందుకోవడానికి అయిదు నుంచి ఏడేళ్లు పట్టింది. కాబట్టి మూడు నెలల స్పోకెన్ కోర్సు చేయిస్తే మార్కులు పెరుగుతాయనుకుంటే జరిగేది నిరాశే.

ఏ మాటలు నేర్పాలో తేల్చుకోవడానికి కొత్తగా కష్టపడాల్సిన పని లేదు. అవిభక్త బెంగాల్‌లో, ఢాకాలో టీచర్లకి శిక్షణనిచ్చిన మైఖేల్ వెస్ట్ 1953లో సుమారు 2,000 మూలపదాల సాధారణ పట్టికను ప్రచురించాడు. అందులోని మాటల్ని వదిలేసి, దానిపైన న్యూజిలాండ్‌కు చెందిన అవరిల్ కాక్స్‌హెడ్ 2000లో చదువు మాటల పట్టిక ఒకటి తయారుచేసింది. ఆర్ట్స్, కామర్స్, లా, సైన్సు విభాగాల్లో సుమారు 35 లక్షల మాటల చదువు రాతల్ని జల్లెడ పట్టి 570 పదకుటుంబాలు (ఒకే మూలమాట నుంచి వచ్చే మాటల గుంపులు) తీసింది. వాటిని పది జాబితాలుగా పంచింది: మొదటి తొమ్మిదింట అరవై చొప్పున, చివరిదాంట్లో ముప్ఫై. ఆ రాతల్లో సుమారు పది శాతం ఈ 570 కుటుంబాల మాటలే. అంటే కాలేజీ పుస్తకంలో ప్రతి పది మాటల్లో ఒకటి ఇక్కడిదే. ఈ పట్టికకీ లోపాలున్నాయి. వెస్ట్ జాబితా పాతది కాబట్టి అందులో లేని 'కంప్యూటర్', 'జాబ్' ఇందులో చదువు మాటలుగా చేరిపోయాయి. మన పిల్లలకి అవి ఎవరూ నేర్పక్కర్లేదు. పైగా ఇది విశ్వవిద్యాలయ స్థాయి పుస్తకాల నుంచి తీసింది. అందుకని పట్టికని మొదటి నుంచి చివరి దాకా వరసగా అప్పగించకూడదు. వచ్చే వారం సైన్సు, సోషల్, లెక్కల పాఠాలు ముందుగా చదివి, కనీసం రెండు సబ్జెక్టుల్లో కనిపించే మాటలకి గుర్తు పెట్టి, అవి పట్టికలో ఉన్నాయో లేవో చూసుకుంటే సరిపోతుంది.

తెలుగు పిల్లలకి ఇక్కడ ఒక చిక్కుంది. పైన చెప్పిన పట్టికలో చాలా మాటలు తెలుగులోకి ఎప్పుడో వచ్చేశాయి, కాకపోతే అర్థం మార్చుకుని వచ్చాయి. 'ఫంక్షన్' అంటే మనకి గృహప్రవేశమో, ఓణీల వేడుకో. లెక్కల్లో ప్రమేయం. 'ఏరియా' అంటే మనం ఉండే పేట, లెక్కల్లో వైశాల్యం. 'పాలసీ' అంటే జీవిత బీమా, సోషల్‌లో ప్రభుత్వ విధానం. 'ఫైనాన్స్' అంటే బండి కొనడానికి అప్పిచ్చేవాడు. 'కండక్ట్' అంటే టీసీతో పాటు ఇచ్చే సర్టిఫికెట్, సైన్సులో రాగితీగ చేసే పని. 'కాంట్రాక్ట్' అంటే రోడ్డు పని, కానీ చల్లబడిన లోహం చేసేదీ అదే, అంటే సంకోచించడం. 'టెన్షన్' సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇలాంటి మాట ఎదురైనప్పుడు పిల్లవాడు ఆగి అడగడు, ఎందుకంటే తనకి తెలుసనే అనుకుంటాడు. తెలియని మాట కన్నా తెలుసనుకున్న మాటే ఎక్కువ మార్కులు తింటుంది. ప్రతి టీచరూ తన సబ్జెక్టులో ఇలాంటివి ఒక ఇరవై రాసుకుని, పాఠం మొదలుపెట్టే రోజే 'ఇక్కడ దీని అర్థం వేరు' అని చెప్పేస్తే ఈ బెడద చాలావరకు తీరుతుంది. ఇంగ్లిష్ లోపల్లోపలే ఇలా వేషాలు మార్చేవీ ఉన్నాయి. 'స్టేట్' ఒక్క రోజులోనే సోషల్ పీరియడ్‌లో రాష్ట్రం, సైన్సులో పదార్థపు స్థితి, ప్రశ్నపత్రంలో 'చెప్పు' అనే ఆజ్ఞ. 'ప్రొడక్ట్' లెక్కల్లో లబ్ధం, రసాయన శాస్త్రంలో చర్య చివర మిగిలేది, ఎకనామిక్స్‌లో సరుకు.

ఇక అర్థం ఏ భాషలో చెప్పాలన్న ప్రశ్న. ఇంగ్లిష్ మీడియం క్లాసులో తెలుగు మాట వినపడకూడదనే పట్టుదల దండగ. తెలుగులో చెబితే పది సెకన్లలో తేలిపోయేదానికి ఇంగ్లిష్‌లో అయిదు నిమిషాలు చుట్టూ తిరగాల్సి వస్తుంది. కాకపోతే ఏ తెలుగు అన్నది ముఖ్యం. 'సిగ్నిఫికెంట్' అంటే 'సార్థకమైన' అని, 'వేరీ' అంటే 'వైవిధ్యం చెందు' అని నిఘంటువు చూసి చెబితే, తెలియని మాట ఒకటి పోయి ఇంకొకటి వస్తుంది. బెంగళూరు పిల్లలు చాలామందికి తెలుగు చదవడమే రాదు, ఇంట్లో విన్నదే వాళ్ల తెలుగు. అందుకని ఇంటి తెలుగునే పట్టుకోవాలి. 'వేరీ' అంటే ఒక్కోచోట ఒక్కోలా ఉండటం. 'అజ్యూమ్' అంటే అలా అనుకుందాం అనడం. 'రెస్పెక్టివ్లీ' అంటే ఏ వరసలో చెప్పానో ఆ వరసలోనే, దేనిది దానికి. 'వేర్‌యాజ్' అంటే ఇదేమో ఇలా, అదేమో అలా. ఇలా చెబితే ఆరో తరగతి పిల్లలైనా తలాడిస్తారు, మర్నాడు తమంతట తామే వాడతారు.

ఇంకో మెట్టు బడిలోనే సిద్ధంగా ఉంది. 2015 నాటి కర్ణాటక కన్నడ భాషాభ్యాస చట్టం ప్రకారం ఇక్కడి బళ్లలో కన్నడ తప్పనిసరి భాష కాబట్టి మన పిల్లలు చదవగలిగే భారతీయ భాష చాలాసార్లు కన్నడమే. 'అనాలిసిస్'కి విశ్లేషణ అంటే తెల్లమొహం వేసే పిల్లవాడు కన్నడ పాఠంలో 'విశ్లేషణె' చూసే ఉంటాడు. 'ఎఫెక్ట్' చెప్పడానికి కన్నడ 'పరిణామ' చక్కగా పనికొస్తుంది. తెలుగులో మాత్రం పరిణామం అంటే అచ్చంగా అదే కాదు, జీవపరిణామం కూడా ఆ మాటే కాబట్టి అక్కడ కొంచెం జాగ్రత్త. కన్నడ టీచరుతో పావుగంట కూర్చుంటే ఇలాంటి మాటలు ఇరవై ముప్ఫై దొరుకుతాయి.

క్లాసులో ఎలా నడపాలి? వారానికి నాలుగు మాటలు చాలు. ముప్ఫై వారాలకి నూట ఇరవై. ఆరు నుంచి పది దాకా అయిదేళ్లలో ఆరు వందలు. 570 కుటుంబాలకి అది సరిపోగా ఇంకా మిగులుతుంది. శనివారం శనివారం ఇరవై మాటలు రాయించి, సోమవారం అర్థాలు అప్పగించుకునే పద్ధతి చాలా బళ్లలో ఉంది. ఆ ఇరవైలో నెల తర్వాత రెండు గుర్తుంటే గొప్ప. తప్పు పిల్లలది కాదు. ఒకసారి చూసిన మాట ఎవరికీ నిలవదు. పది పన్నెండు సార్లైనా, వేర్వేరు వాక్యాల్లో, రోజుల ఎడం ఇచ్చి ఎదురుపడితేనే వంటబడుతుంది.

'వేరీ'నే తీసుకుందాం. సోమవారం పదిహేను నిమిషాలు. ముందు పాఠ్యపుస్తకంలోని వాక్యమే చదవాలి: 'ద రెసిస్టెన్స్ ఆఫ్ ఎ వైర్ వేరీస్ విత్ ఇట్స్ లెంగ్త్'. మాటని పలికించాలి. ఇక్కడ మన చెవికి 'వేరీ', 'వెరీ' ఒకేలా తోస్తాయి కాబట్టి మొదటి అచ్చుని సాగదీసి రెండూ పక్కపక్కన రెండుసార్లు వినిపించాలి. తర్వాత ఒక్కోచోట ఒక్కోలా ఉండటం అని చెప్పి, మరో సబ్జెక్టు నుంచి రెండో వాక్యం ఇవ్వాలి: 'రెయిన్‌ఫాల్ వేరీస్ ఫ్రమ్ రీజియన్ టు రీజియన్'. అప్పుడు దాని కుటుంబం బోర్డు మీదికి రావాలి: జీవశాస్త్రంలో 'వేరియేషన్', లెక్కల్లో 'వేరియబుల్', మామూలు మాటల్లో 'వెరైటీ'. ఇవన్నీ ఒకే ఇంటివని పిల్లలకి ఎవరూ చెప్పరు, విడివిడిగా నాలుగుసార్లు బట్టీ పడతారు. చివరికి సగం వాక్యం ఇచ్చి పూర్తి చేయించాలి: 'ద ప్రైస్ ఆఫ్ టొమాటోస్ వేరీస్...' అని ఆపితే, 'విత్ ద సీజన్' అనో 'ఫ్రమ్ మార్కెట్ టు మార్కెట్' అనో వాళ్లే అందుకుంటారు. ఆ 'విత్', ఆ 'ఫ్రమ్... టు' మాటతోపాటే రావాలి. వాటిని తర్వాత చూద్దామంటే ఇక రావు.

బుధవారం అయిదు నిమిషాలు. పుస్తకం మూసి, టీచరు ఇంటి తెలుగులో అర్థం చెబితే పిల్లలు ఇంగ్లిష్ మాట రాయాలి. ఇంగ్లిష్ చెప్పి తెలుగు అడగడం తేలిక, ఫలం తక్కువ. శుక్రవారం పది నిమిషాలు: మాట్లాడే తీరులో ఒక వాక్యం ఇచ్చి దాన్ని రాతలోకి మార్పించాలి. మూడు వారాల తర్వాత ఆ నాలుగు మాటలూ మళ్లీ ఒకసారి, యూనిట్ టెస్టులో మరోసారి రావాలి. వారం మొత్తం మీద అరగంటే. పోస్టుకార్డు సైజు అట్టముక్క మీద ముందువైపు మాట, వెనకవైపు ఇంటి తెలుగు, ఒక వాక్యం, దాని వెనక వచ్చే ప్రిపొజిషన్, కుటుంబం రాసుకుంటే ఇంటి దగ్గర ఒకరినొకరు అడుక్కోవచ్చు.

దగ్గర దగ్గర మాటల్ని ఒకే రోజు నేర్పకూడదు. 'అఫెక్ట్', 'ఎఫెక్ట్' జంటగా చెబితే తేడా బాగా తెలుస్తుందని అందరికీ అనిపిస్తుంది. జరిగేది తారుమారు, ఏది ఏదో జీవితాంతం తేలదు. ఒకలాంటి మాటల్ని కలిపి నేర్పితే ఒకదాన్నొకటి చెడగొడతాయని పాల్ నేషన్ వంటి పదబోధన నిపుణులు ఎప్పటి నుంచో హెచ్చరిస్తున్నారు. ఒకటి గట్టిపడ్డాక, కనీసం రెండు మూడు వారాలు ఆగి రెండోది తీయాలి. పుస్తకాల దుకాణాల్లో అమ్మే పర్యాయపదాల, వ్యతిరేక పదాల చిట్టాలు సరిగ్గా దీనికి విరుద్ధం.

పలుకు దగ్గర ఇంకో మాట. తెలుగులో ఏ అక్షరం మీద ఊనినా అర్థం మారదు, ఇంగ్లిష్‌లో మారుతుంది. రోడ్డు కాంట్రాక్ట్‌కి మొదటి అక్షరం మీద, లోహం కాంట్రాక్ట్ అయినప్పుడు రెండో దాని మీద ఊనిక పడుతుంది. ఒకే కుటుంబంలోనూ అది జరుగుతూ పోతుంది: 'అనలైజ్'లో మొదటి అక్షరం, 'అనాలిసిస్'లో రెండోది, 'అనలిటికల్'లో మూడోది. ఇది తెలియని పిల్లవాడు ఉపన్యాసంలో ఆ మాట విన్నా, కాగితం మీద తనకి తెలిసినదే ఇదని పోల్చుకోలేడు. బల్ల మీద చేత్తో తట్టించి నేర్పడం కన్నా మంచి ఉపాయం లేదు.

అన్నిటికన్నా తొందరగా ఫలితం కనిపించేది ప్రశ్నల్లోని ఆజ్ఞాపదాల దగ్గర. ఇవి ఇరవైకి మించవు, ఒక్క నెలలో నేర్పేయొచ్చు. 'డిస్క్రైబ్' అంటే ఎలా ఉందో చెప్పమని. 'ఎక్స్‌ప్లెయిన్' అంటే ఎందుకలా అయిందో చెప్పమని. రెండోది అడిగితే మొదటిది రాయడం జవాబుపత్రాల్లో పదే పదే కనపడే తప్పు. జవాబు నిండుగా ఉంటుంది, 'బికాజ్' ఒక్కటీ ఉండదు, అయిదు మార్కులకి రెండు పడతాయి. 'స్టేట్'కి ఒక్క వాక్యం చాలు, పేజీ నింపితే టైమే పోతుంది. 'డిస్టింగ్విష్' అంటే రెండింటి గురించీ, ఒకే అంశం మీద, ఎదురెదురుగా రాయాలి. ఒకదాని గురించి పేరా, రెండోదాని గురించి పేరా రాస్తే తేడా చెప్పినట్టు కాదు. 'జస్టిఫై' అంటే నువ్వెందుకు అలా అంటున్నావో చూపించమని. సీబీఎస్‌ఈ పేపర్లలో వచ్చే అసర్షన్–రీజన్ (ఒక వాక్యం, దానికి కారణమంటూ మరో వాక్యం ఇచ్చే) ప్రశ్నల్లో పరీక్ష నిజానికి సైన్సుకి ఎంతో, ఆ నాలుగు ఆప్షన్ల భాషకీ అంతే. రెండు వాక్యాలూ నిజమే, కానీ ఒకటి రెండోదానికి కారణం కాదు అన్న ఆప్షన్ దగ్గరే ఎక్కువమంది జారుతుంటారు.

రాత విషయానికొస్తే కొన్ని తప్పులు నేరుగా తెలుగు నుంచి వస్తాయి. 'గురించి చర్చించు' అంటాం కాబట్టి 'డిస్కస్ అబౌట్'. 'అయినప్పటికీ... కానీ' కలిపి వాడతాం కాబట్టి 'ఆల్‌దో... బట్'. 'ఎవిడెన్స్', 'రీసెర్చ్', 'ఎక్విప్‌మెంట్' చివర 'స్' చేర్చడమూ మామూలే. వీటిని ఎర్ర సిరాతో దిద్దినంత మాత్రాన పోవు. తెలుగులో ఎలా ఉంటుందో, ఇంగ్లిష్‌లో ఎలా ఉండాలో పక్కపక్కన రాసి చూపిస్తే పోతాయి. అనంతపురం, చిత్తూరు నుంచి ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలకి వచ్చే విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టుల్లో వేరే సమస్య: 'యూజ్' అన్న ప్రతిచోటా 'యుటిలైజ్', ప్రతి పేరా మొదట్లో 'మోర్‌ఓవర్', ఒక్కసారి చేసిన ప్రయోగానికి 'ప్రూవ్స్'. పెద్ద మాటలు పేర్చితే చదువు భాష అయిపోదు. వాళ్లకి ముందుగా కావలసినవి 'సజెస్ట్స్ దట్', 'టెండ్స్ టు', 'మే' లాంటి ఆచితూచి అనే మాటలు, ఆ తర్వాత మాటల జోడీలు: కన్‌క్లూజన్‌ని 'డ్రా' చేస్తారు, 'గివ్' చేయరు. ప్రయోగాన్ని 'కండక్ట్' చేస్తారు.

టీచర్లకి శిక్షణ కావాలంటే దూరం పోనక్కర్లేదు. దక్షిణాది రాష్ట్రాల ఇంగ్లిష్ టీచర్ల కోసం 1963లో పెట్టిన ప్రాంతీయ ఆంగ్ల శిక్షణ సంస్థ ఈ ఊళ్లోనే, జ్ఞానభారతి ఆవరణలో ఉంది. కాకపోతే మా ఉద్దేశంలో ముందు కూర్చోబెట్టాల్సింది సైన్సు, సోషల్ టీచర్లని. నెలకోసారి ఇంగ్లిష్ టీచరుతో కలిసి ముగ్గురూ ఒక బల్ల చుట్టూ చేరి, వచ్చే నెల మాటలు పదహారు ఎంచుకుంటే బడి ఖర్చు లేకుండానే పని నడుస్తుంది.

మీ విద్యార్థి పేజీలో రోజుకో ఇంగ్లిష్ మాట, వారానికో జాతీయం వేస్తున్నారు. 'ఇట్ ఈజ్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అనే వాక్యం ఏ పాఠంలోనూ, ఏ ప్రశ్నలోనూ రాదు. ఆ స్థలంలోనే సోమవారం నాలుగు చదువు మాటలు వేయండి. ఒక్కోదానికి సైన్సు నుంచి ఒక వాక్యం, సోషల్ నుంచి ఒక వాక్యం, ఇంటి తెలుగులో ఒక వరస, తరచు చేసే తప్పు ఒకటి. శుక్రవారం అవే నాలుగు మాటలతో ఖాళీలు, జవాబులు మర్నాడు. మూడు వారాల తర్వాత పాత నాలుగూ చెప్పకుండా మళ్లీ రావాలి. మొదటి పన్నెండు వారాలకి నలభై ఎనిమిది మాటలు, వాక్యాలతో సహా మేమే రాసిస్తాం, పారితోషికం అక్కర్లేదు.

ఇట్లు,
ఇంగ్లిష్ బోధిస్తున్న కొందరు తెలుగు ఉపాధ్యాయులు,
బెంగళూరు